జాబితాలో లేని పేరు

దాజీ పేటలో ఒక తువ్వాళ్ల కార్ఖానాలో కంప్యూటర్ల పని నాది. ఆఫీసులో ఏడుగురం ఉన్నా సర్వర్‌లోకి వెళ్లే పేరు, పాస్‌వర్డ్ అందరికీ ఒక్కటే. ఒకరోజు ఎవరో డిజైన్ల ఫోల్డర్ మొత్తం చెరిపేశారు. ఎవరని అడిగితే ఎవరూ కాదు. బ్యాకప్ నుంచి అన్నీ తిరిగి తెచ్చాక సేటు నా మీద పడ్డాడు. "ఒక్కొక్కలకు వేరే పేరు పెట్టు. ఎవరిది వాళ్లకే తెరవాలె."

శనివారం కూర్చుని అందరికీ పేర్లు, పాస్‌వర్డ్‌లు పెట్టాను. ఏ ఫోల్డర్ ఎవరు చూడవచ్చో, ఎవరు మార్చవచ్చో రాశాను. పాత ఉమ్మడి పేరును మూసేశాను. ఘనకార్యం చేసినట్టు ఒక చాయ్ ఎక్కువ కూడా తాగాను. పెళ్లికి ఊరెళ్లిన డిజైన్ మాస్టర్ మాత్రం గుర్తుకు రాలేదు. డిజైన్ల ఫోల్డర్‌లో సగానికి పైగా ఆయన గీసినవే. అరవై దాటాక గ్రాఫ్ కాగితం వదిలి మౌస్ పట్టడం నా దగ్గరే నేర్చుకున్నాడు. కాకా అని పిలిచేదాన్ని.

సోమవారం ఆయన వచ్చేసరికి నేను కేబుల్ కోసం అశోక్ చౌక్ వెళ్లాను. పాత పాస్‌వర్డ్ మూడుసార్లు కొట్టాడట. మూడుసార్లూ అనుమతి లేదనే వచ్చింది.

మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. సాంచా నడిపేవాణ్ని తీసేసేటప్పుడు ఎవరూ నోటితో చెప్పరు. పాత నూలు అయిపోయాక కొత్త నూలు చుట్టిన బీము ఎక్కించరు, అంతే. ఖాళీ సాంచా చూసి మనిషే అర్థం చేసుకుని వెళ్లిపోతాడు. కాకా డిజైన్లలోకి రాకముందు ఏళ్ల తరబడి సాంచా నడిపినవాడు. కళ్లజోడు పెట్టె, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని ఇంటికి కుంభారి బస్సెక్కాడు.

సాయంత్రం సర్వర్ లాగ్‌లో ఆ మూడు ప్రయత్నాలూ చూశాను. నాలుక కరుచుకుని, ఆయన పేరు చేర్చి, రేపు వస్తాడులే అనుకున్నాను. మర్నాడు రాలేదు. ప్రయాణం బడలికేమో అనుకున్నాం. ఒక ఫోన్ చేయాలని నాకు తోచలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

శుక్రవారం కుంభారి వెళ్లాను. ఆయన భార్య గడపలో బీడీలు చుడుతోంది. "రా బిడ్డా" అంది గానీ తల ఎత్తలేదు. కాకా లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"కాకా, నిన్ను ఎవ్వలు తీసెయ్యలె. నీ పేరు రాసుడు నేనే మర్శిన. ఇప్పుడు పెట్టిన, రా."

"మర్శినవని ఎప్పుడు తెల్సింది?"

అబద్ధం ఆడలేకపోయాను. "సోమారమే."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు: "ఇయ్యాల శుక్కురారం గద బిడ్డా."

ఆయన మళ్లీ రాలేదు. సర్వర్‌లో ఆయన పేరు ఇంకా ఉంది. వాడని పేర్లు తీసెయ్యమని సేటు అప్పుడప్పుడు అంటాడు. నేను విననట్టు ఊరుకుంటాను.