గొలుసు ప్రార్థనలో నా వంతు

ప్రత్యేక రాష్ట్రం కోసం మా క్యాంపస్ ఉడికిపోతున్న రోజుల్లో నేను రెండింటికి భయపడేవాణ్ణి. ఒకటి పోలీసు లాఠీ. రెండోది తార్నాకలో ఒక ఆంటీ ఇంట్లో ప్రతి శుక్రవారం సాయంత్రం జరిగే గొలుసు ప్రార్థన. ఉన్నమాట చెప్పాలంటే లాఠీ భయమే కాస్త తక్కువ.

గొలుసు ప్రార్థన అంటే అందరూ గుండ్రంగా కూర్చుని, చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకుంటారు. ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేయాలి. చేయలేనివాళ్ళు పక్కవాళ్ళ చెయ్యి మెల్లగా నొక్కితే చాలు, వంతు వాళ్ళకు వెళ్ళిపోతుంది. పిరికివాళ్ళ కోసం ఇంత చక్కటి ఏర్పాటు చేసినవారెవరో గానీ, రెండేళ్ళపాటు వారి దయవల్లే బతికాను. మొదలుపెట్టేదీ ముగించేదీ ఆంటీయే. నేను సరిగ్గా ఆవిడకు ముందు చోటులో కూర్చుని, నా వంతు రాగానే ఆవిడ చెయ్యి నొక్కేసేవాణ్ణి.

మొదట్లో ఒక్కసారి ధైర్యం చేశాను. "ప్రభువా, మా అవ్వ మోకాళ్ళు గుంజుతున్నయి, జర సూడు" అన్నాను. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే ఒకావిడ కిసుక్కున నవ్వింది. తర్వాత ఆంటీ నన్ను పక్కకు పిలిచి, "'మా తల్లి మోకాళ్ళను స్వస్థపరచుము తండ్రీ' అనాలి బాబూ" అని ప్రేమగానే దిద్దారు. ఆవిడది కోస్తా, టీచరుగా రిటైరయ్యారు, దిద్దడం అలవాటు. మా వైపు అమ్మను అవ్వ అంటాం. ఊళ్ళో మా అవ్వ పొయ్యి ముందు కూర్చుని దేవుడితో పోట్లాడేది ఆ మాటల్లోనే. ఇన్నేళ్ళుగా ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదేమోనని నాకు ఆ వారమంతా దిగులే. సిగ్గుతో నోరు మూసేశాను. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ప్రార్థన రాకుండా పోయింది.

నా రూమ్మేట్ నాకు పూర్తి విరుద్ధం. వాడికి ఏ ప్రార్థనలూ తెలియవు గానీ, వాడు నినాదం ఎత్తుకుంటే ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర చెట్ల మీద కాకులు కూడా లేచిపోయేవి. ఒక్క కేసు పడితే సర్కారు నౌకరీ రాదని తెలిసీ ముందు వరసలోనే ఉండేవాడు. అదీ ఎర్ర చొక్కా వేసుకుని.

ఆ శుక్రవారం క్యాంపస్‌లో టియర్ గ్యాస్ గుండ్లు పడ్డాయి. వాడు నల్లా కింద తలపెట్టి నిలువునా తడిసి పరుగెత్తుకొచ్చాడు. "అరేయ్, నన్ను సూసిండ్రు! యాడికన్న తీస్కపో!" అన్నాడు. నాకు తెలిసిన ఇల్లు ఒక్కటే. వెనక గోడ దూకి, గల్లీలు పట్టుకుని, ఆంటీ ఇంట్లో పడ్డాం.

రాష్ట్రం గురించి ఆంటీకీ నాకూ పడేది కాదు. "విడిపోతే మమ్మల్నెక్కడికి పొమ్మంటావు?" అని, అదేదో నా చేతుల్లో ఉన్నట్టు అడిగేవారు. ఆ రోజు మాత్రం ఏమీ అడగలేదు. "తడిబట్టలతో జ్వరం తెచ్చుకుంటావు" అంటూ తన శాలువా వాడికి కప్పి, మెట్టుగూడ ఆవిడకూ నాకూ మధ్య కూర్చోబెట్టారు. చేతులు పట్టుకున్నాం. గొలుసు మొదలైంది.

కరెంటు లేదు. కిటికీలు తెరిచే ఉన్నాయి. వీధిలోంచి గ్యాస్ మెల్లగా లోపలికి వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు ముక్కులు ఎగబీలుస్తూ ఏడవసాగారు. "ఎన్నాళ్ళకు తాకావయ్యా మమ్మల్ని!" అని మెట్టుగూడ ఆవిడ వెక్కివెక్కి ఏడుస్తూ స్తోత్రాలు చెప్పింది. అసలు సంగతి మా ఇద్దరికే తెలుసు. చెప్పడానికి మనసొప్పలేదు.

అప్పుడు తలుపు దబదబ మోగింది. యాభై దాటిన కానిస్టేబుల్ ఒకాయన లాఠీతో లోపలికి వచ్చాడు. ఆయనా ఏడుస్తున్నాడు.

"ఎర్రంగీ పిలగాడు గిటు ఉరికొచ్చిండా?"

ఆంటీ ఒక కన్ను మాత్రం తెరిచారు. "ప్రార్థన మధ్యలో ఉన్నాం. బూట్లు విప్పి రండి. ఆ కర్ర గుమ్మం దగ్గర పెట్టండి."

ఆయన చెయ్యి దానంతటదే టోపీ మీదికి పోయింది. "వందనాలమ్మా" అన్నాడు. చర్చికి వెళ్ళే మనవాడేనన్నమాట! బూట్లు విప్పి, లాఠీని చీపురు పక్కన ఆనించి, చిల్లు మేజోళ్ళతో వచ్చి, నాకూ ఆంటీకీ మధ్య కూర్చుని, నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

గొలుసు కదిలింది. మెట్టుగూడ ఆవిడ ముగించి నా రూమ్మేట్ చెయ్యి నొక్కింది. వాడికి అదేమిటో తెలియదు. ధైర్యం చెబుతోందనుకుని, వాడు నా చెయ్యి నొక్కి నాకు ధైర్యం చెప్పాడు. వంతు నాకు వచ్చిపడింది.

రెండేళ్ళ అలవాటు, నా వేళ్ళు అప్పుడే ముడుచుకుంటున్నాయి. నొక్కితే ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరుస్తాడు. తెరిస్తే నా పక్కనే, శాలువా అంచున ఎర్ర కాలరు. పక్కవాడి బతుకు నా నోట్లో ఉంది, ఆ నోరు రెండేళ్ళుగా తాళం వేసి ఉంది. పుస్తకం తెలుగులో ఒక్క మాట గుర్తు రాలేదు. మా అవ్వ మాటలే వచ్చాయి.

"ప్రభువా, నాకు భయమైతున్నది. లాఠీ అంటె భయం, గీ రూంల నోరు తెరుసుడంటె ఇంకింత భయం. నవ్వుతరని నీతోని మాట్లాడుడే బంద్ జేసిన. మాఫ్ చెయ్యి. మా అవ్వ మాట ఇంటవ్ గద, నాది గూడ ఇను. నా దోస్తును కాపాడు. దెబ్బలు తినేటోళ్ళను సల్లంగ సూడు. కొట్టెటోళ్ళను గూడ సూడు, ఆళ్ళకు గూడ ఇంటికాడ అవ్వలుంటరు."

"అవ్ ప్రభువా" అన్నాడు కానిస్టేబుల్.

ఎంతసేపు మాట్లాడానో తెలియదు. ఎక్కడో మధ్యలో నా రూమ్మేట్‌నీ, లాఠీనీ, మెట్టుగూడ ఆవిడనూ మరిచిపోయాను. అయిపోయాక కానిస్టేబుల్ చెయ్యి నొక్కాను. ఈసారి తప్పించుకోవడానికి కాదు, నా వంతు నిజంగానే పూర్తయింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "దేవా, పొద్దుగాల సంది అన్నం దినలే. ఎర్రంగీ పిలగాన్ని పట్టుకరమ్మన్నరు. గా పిలగాడు నా కండ్లవడకుంట చెయ్యి. ఆమెన్."

ఆంటీ ముగించారు. అందరం కళ్ళు తెరిచాం. శాలువా ఎప్పుడు జారిందో, నా రూమ్మేట్ మందార పువ్వులా ఎర్రగా కూర్చుని ఉన్నాడు. కానిస్టేబుల్ తల ఎత్తి, తిరగని ఫ్యాన్‌ను చూస్తూ, "ఫ్యాన్ మంచిగున్నదమ్మా" అన్నాడు. ఆంటీ ఇచ్చిన చాయ్, బిస్కెట్లు కూడా ఫ్యాన్‌ను చూస్తూనే ముగించాడు. బూట్లు తడుముకుని వేసుకుని, లాఠీ అనుకుని చీపురు పట్టుకుని, మళ్ళీ మార్చుకుని వెళ్ళిపోయాడు.

ఆంటీ శాలువా మడత పెడుతూ నాతో అన్నారు: "రెండేళ్ళుగా నువ్వు చెయ్యి నొక్కినప్పుడల్లా, మీ అమ్మగారి మోకాళ్ళ కోసం నీ బదులు నేనే లోపల ప్రార్థన చేస్తున్నాను బాబూ. ఇకనుంచి నువ్వే చేసుకో. నీలాగే చేసుకో."

నాకు ఏడుపొచ్చింది. అప్పటికి గ్యాస్ పూర్తిగా పోయింది.

మరుసటి శుక్రవారం నా వంతు వచ్చినప్పుడు, "ప్రభువా, మా అవ్వ మోకాళ్ళు ఇంక గుంజుతనే ఉన్నయి" అన్నాను. మెట్టుగూడ ఆవిడ కిసుక్కున నవ్వింది. విన్నాను.

"జర సూడు" అన్నాను.