పిచ్చుక చేసిన చేతుల ఆట

మా అన్న కూతుర్ని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం మానేసి, కుట్టుమిషన్ల షాపు పైన గది అద్దెకు తీసుకుని ఆటలు తయారుచేస్తోంది. ముప్పయ్యేళ్ళ మనిషికి ఆటలేమిటని మా వదిన మూతి విరుస్తుంది. నేను విరవను. అది మా అన్న పోలిక, చేతులు ఊరుకోవు.

ఆ ఆటలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. కుడి ముంజేతికి జిగురు పట్టీలు, వాటి తీగలు ఒక చిన్న పెట్టెలోకి. కరెంటు పెంచడానికీ తగ్గించడానికీ పెట్టె మీద ఒక నాబ్. ఎడమ అరచేతులు కలిపితే చాలు, సన్నని కరెంటు పాకి ఇద్దరి కుడిచేతి వేళ్ళూ వాటంతటవే లేస్తాయి. ముందు నవ్వినవాళ్ళు ఓడినట్టు. ఎంత కరెంటు ఉండాలో పిచ్చుక రోజూ తన చేతికే అంటించుకుని చూసుకునేది.

ఆ రోజు ఆటల హాలు యజమాని వచ్చాడు. ఆయన సరేనంటే ఆట జనంలోకి వెళ్తుంది. కాదంటే పిచ్చుక మళ్ళీ లిఫ్టుల పనికి పోవాల్సిందే. ఆయనకు ఎదురుగా నన్ను కూర్చోబెట్టింది.

అరచేతులు కలిపామో లేదో, నా చెయ్యి బల్లకేసి కొట్టుకుంది. ఆయన చెయ్యి ఎగిరొచ్చి నా దవడ మీద చెళ్ళుమంది.

"అయ్యో, నేను కొట్టలేదమ్మా!"

"మరి నా దవడే వచ్చి మీ చేతికి తగిలిందా?"

ఆయన పట్టీలు పీకేసి లేచాడు. "ఇది ఆటా, షాకా? మా హాలుకి పిల్లాజెల్లా వస్తారు."

పిచ్చుక మొహం పాలిపోయింది. ఆ పట్టీలే తన చేతికి అంటించుకుని చూసుకుంది. వేళ్ళు కాస్త వణికాయంతే.

"నా చెయ్యి మొద్దుబారిపోయిందండీ. నాకు చక్కిలిగింత, మీకేమో దెబ్బ." పెట్టెను ఆయన వైపు జరిపింది. "నాబ్ సున్నా దగ్గర పెట్టాను. మీ చెయ్యి, మీరే తిప్పుకోండి. నేను ముట్టుకోను."

ఆయన తలుపు వైపు చూస్తూనే కూర్చుని, పట్టీలు మళ్ళీ అంటించుకున్నాడు. నాబ్ కాస్త తిప్పాడు. నేను అరచెయ్యి ఇచ్చాను. ఆయన చిటికెనవేలు మెల్లగా లేచింది. ఎవరిదో వేలన్నట్టు దాన్నే చూశాడు. తనే ఇంకొంచెం తిప్పాడు. రెండో వేలూ లేచేసరికి ఫక్కుమన్నాడు.

"ఓడారు," అన్నాను.

"ఏదీ, ఇంకోసారి!"

మళ్ళీ ఓడాడు. వెళ్తూ, "ఒక బల్ల వేస్తాను. నాబ్ మాత్రం ఆడేవాళ్ళ దగ్గరే ఉండాలి," అన్నాడు.

"ఇద్దరికీ చెరొకటి పెట్టి తెస్తానండీ."

ఆయన మెట్లు దిగకముందే పెట్టె మూత విప్పేసింది. నేను పట్టీలు ఊడదీసుకోబోతే చెయ్యి పట్టుకుంది.

"ఉండత్తా, ఇకనుంచి నా చేతిని నమ్మను. నీది కావాలి."

ఇంకెవరైనా అయితే నాలుగు దులిపేదాన్ని. చెయ్యి చాపి, "సున్నా నుంచి మొదలుపెట్టవే," అన్నాను.