జానెడు అంచు

వాడి మీద నాకు ఇప్పటికీ జాలి లేదు. ఆ ముక్క ముందే చెప్పి మొదలుపెడతాను.

గద్వాలలో మాకు నూలూ పట్టూ ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారి వాడు. మన దేశానికీ సముద్రం అవతలి ఇంకో దేశానికీ దోస్తీ కుదిరి, సరుకుల రాకపోకలు మొదలై ఇన్నేళ్లయిందని వనపర్తిలో పెద్ద సభ పెట్టారు. ఆ దేశపు రాయబారి వస్తున్నాడు, ఆయన భార్యకు గద్వాల చీర పెట్టాలి. కొంగు మీద రెండు జెండాలుండాలి. ఆ పని మా నాయిన చేతికొచ్చింది. ఆయనకు అప్పటికే దూరపు చూపు మసక. మగ్గం మీద ఆయనో పక్క, నేనో పక్క కూర్చుని నేశాం.

నాయిన అడిగింది ఒక్కటే. "సావుకారీ, చీరతోని ఓ అట్ట పెడ్తరంట గద? దాని మీద నా పేరు జర రాయించు. ఇన్నేండ్ల సంది నేస్తున్న, ఎక్కడన్న ఒక్కసారి నా పేరుంటే సాలు."

"గదెంత పని పెద్దాయనా, రాయిస్త" అన్నాడు వాడు.

చీర ఇంకా మగ్గం మీదుండగానే, నూలు కోసం దుకాణానికి వెళ్తే అచ్చయి వచ్చిన అట్ట కనిపించింది. 'నేసినవారు' అని రాసి, కింద వాడి పేరు! జన్మలో మగ్గం గుంటలో కాలు పెట్టినవాడు కాదు. ఇదేందని అడిగాను. "మీ నాయిన పేరెవరికి తెల్సమ్మా? నీ పని నువ్వు చూస్కో" అని నవ్వాడు. సొమ్మొకడిది, సోకొకడిది! ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుకుతాను. నాయినకు మాత్రం చెప్పలేకపోయాను.

మా చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. నేసేటప్పుడే పోగు పోగు దగ్గరా ఆ రెండింటినీ మెలేసి కలుపుతాం. సావుకారికి ఓ అలవాటుంది. ఎవరొచ్చినా చీర తీసి, ఒంటిని ఓ చేత్తో, అంచును ఓ చేత్తో పట్టి గుంజి చూపిస్తాడు. "ఏనుగు గుంజినా ఊడదు!" అంటాడు. సభలోనూ గుంజుతాడని నాకు తెలుసు. గుంజు కొడుకా, గుంజు అనుకున్నాను. నా వైపు అంచులో, కొంగు పక్కనే, జానెడు మేర మెలిక వేయకుండా వదిలేశాను. చూపుకు తెలియకుండా అక్కడో పోగు, ఇక్కడో పోగు తగిలించానంతే. చీరను మగ్గం మీంచి కోసే ముందు నాయిన అంచంతా బొటనవేలితో తడిమి చూస్తాడు. ఆ చోటు దగ్గరికి వచ్చేసరికి చాయ్ గ్లాసు చేతికిచ్చి మాటల్లో పెట్టాను.

సభ రోజు నాయిన ఉతికిన ధోతి కట్టుకుని వెనక వరుసలో నా పక్కన కూర్చున్నాడు. స్టేజీ ఆయనకు అంతా మసకే. సావుకారి మైకు ముందు చీర విప్పాడు. "మన రెండు దేశాల దోస్తీ గూడ ఈ అంచు లెక్కనే, ఎంత గుంజినా ఊడదు!" అని గుంజాడు.

అంచు పర్రున ఊడి చేతికొచ్చింది. అబ్బ, ఆ మొహం చూడాలి! నెత్తురు చుక్క లేదు. నా కడుపు చల్లబడింది.

వాడు ఊరుకుంటాడా? "నేసింది నేను గాదు సార్! గదో, వెనక కూసున్న పెద్దాయన నేసిండు" అంటూ నాయిన పేరు ఇంటిపేరుతో సహా మైకులో చెప్పాడు. దుబాసీ అదే పేరు వాళ్ల భాషలో మళ్లీ చెప్పాడు. హాలంతా వెనక్కి తిరిగి చూసింది.

నాయిన లేచాడు. నేను చెయ్యి పట్టి లాగేలోపే లేచి, రెండు చేతులూ జోడించి, నవ్వుతూ అందరికీ దండం పెట్టాడు.

గద్వాల బస్సులో కూడా ఆ నవ్వు పోలేదు. "విన్నవా బిడ్డా? అట్ట మీద రాయిస్తడనుకున్న. మైకుల చెప్పిండు, ఇంటిపేరుతోని!"

"విన్న నాయినా" అన్నాను.

"చీర మంచిగ కుదిరింది గద?"

"మంచిగనే కుదిరింది" అన్నాను.