తోటికోడలికి ఎక్కువొచ్చిన మార్కులు

నిన్న జగ్గయ్యపేటలో బీపీ మాత్రలకని మందుల షాపుకి వెళితే, కొట్టతను వేలికి తగిలించుకునే ఆక్సిజన్ మిషను కొత్తరకం వచ్చిందని, ఏ రంగు ఒంటికైనా లెక్క సరిగ్గా చూపేలా బాగుచేశారని చెప్పి నా చేతిలో పెట్టాడు. బట్టల క్లిప్పంత ఉన్న ఆ వస్తువును చూడగానే మా మేడమీద గది, గడియ పెట్టిన తలుపు, మా తోటికోడలి దగ్గు ఒక్కసారిగా గుర్తొచ్చి, ధర కూడా అడక్కుండా కొనేశాను.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ ఎండాకాలాన్ని మన వయసు వాళ్లెవరూ మరిచిపోయి ఉండరు. మావారు పోయాక నేను మరిది, తోటికోడలి దగ్గరే ఉంటున్నాను. జబ్బు మా ఆడవాళ్లిద్దరికీ కలిసే అంటుకోవడంతో, మరిది మమ్మల్ని ఆ గదిలో పెట్టి, భోజనం గుమ్మం ముందుంచి, తలుపు తట్టి దిగిపోయేవాడు. కిటికీలోంచి కనిపించేది పక్కింటి నీళ్ల ట్యాంకు ఒక్కటే. పూటపూటా వేలికి క్లిప్పు పెట్టుకుని ఆ అంకెను మరిదికి ఫోనులో చెప్పాలి, అది పడిపోతే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. ఫ్యాను గిర్రున తిరుగుతున్నా నాకు గోడలు మీదికొస్తున్నట్టే ఉండేది.

తోటికోడలిది వత్సవాయి, పత్తిచేలల్లో పెరిగిన మనిషి, నల్లగా నిగనిగలాడుతుంది, నేనేమో పచ్చని ఛాయ. కొత్తలో మా అత్తగారు వచ్చిపోయేవాళ్ల ముందు మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి పోల్చేది, తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అలాంటిది ఒకరోజు మధ్యాహ్నం మిషను నాకు తొంభై ఒకటి, తనకు తొంభై అయిదు చూపించేసరికి, "చూశావా అక్కా, ఇన్నాళ్లకి మార్కులు నాకెక్కువొచ్చినయ్" అని నవ్వబోయి దగ్గుతెరలో పడింది.

నాకు అనుమానం ఆ నవ్వు దగ్గరే మొదలైంది. టీవీ సీరియల్ కథ ఎత్తుకుంటే అందులో అత్త పన్నిన కుట్రలన్నీ ఏకబిగిన చెప్పేసే మనిషి, ఆ మధ్యాహ్నం ఒక్క మాట పూర్తిచేయడానికి ఎన్నిసార్లు ఆగిందో. నాకు ఆయాసమే లేదు, పైగా నకనకలాడే ఆకలి. నా వేళ్లు ఎప్పుడూ చల్లగా ఉంటాయి కదా అని, వేడి కషాయం గ్లాసు కాసేపు చేతుల్లో పట్టుకుని మళ్లీ పెట్టి చూస్తే తొంభై ఏడు! తన చేతులూ అలాగే వెచ్చబెట్టాను, తన అంకె మాత్రం కదల్లేదు. అంకెను నమ్మాలా, ఎదురుగా ఎగరొప్పుతున్న మనిషిని నమ్మాలా?

మొదట చూసిన అంకెలు అప్పటికే మరిదికి చెప్పేశాను, అంతలో అతని ఫోను. నందిగామ ఆసుపత్రిలో ఒకే ఒక్క బెడ్ దొరికిందట, నంబరు తక్కువున్నవాళ్లనే తెమ్మన్నారట, కారు వాకిట్లో ఉంది, నన్ను బయల్దేరమన్నాడు. నాకేం లేదు, తోటికోడల్ని తీసుకెళ్లమంటే గునిశాడు. డాక్టరు మాట ఒకటి, పెద్దదాన్ని వదిలేసి పెళ్లాన్ని చూసుకున్నాడంటారన్న భయం ఒకటి. పక్కన తను మంచం పట్టె పట్టుకుని వంగిపోతోంది. నాకు ఒళ్లు తెలీలేదు.

"ఏమయ్యా, నేను తారుమారుగా చెప్పాను. తొంభై ఒకటి దానిది, నాది కాదు. తీసుకెళ్లు" అన్నాను.

కారు వెళ్లిపోయింది, నా గడియ మళ్లీ పడింది. ఒంటరిగా ఆ ట్యాంకును చూస్తూ, నా అబద్ధం తప్పయితే ఏం మొహం పెట్టుకుని బతకాలా అని గుంజాటన పడ్డాను. ఆసుపత్రిలో తనకి మణికట్టు దగ్గర రక్తం తీసి చూస్తే అసలు లెక్క మిషను చూపినదానికంటే బాగా కిందుందట. ఆ వేలి మిషను నల్లటి ఒంటి మీద ఒక్కోసారి ఎక్కువ చూపిస్తుందని డాక్టరు మరిదితో అన్నారట.

బతికి వచ్చింది, కానీ ఆ ఊపిరి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. నిన్న కొత్త మిషను తెచ్చి వేలికి పెడితే, "ఈసారి... సరిగ్గా వేసిందా... మార్కులు" అంది. మిషన్లు బాగుపడ్డాయి, సంతోషమే. ఒకప్పుడు సీరియల్ కథ మొదలెడితే ఇక ఆపవే తల్లీ అని కసిరేదాన్ని. ఇప్పుడు తను సగంలో ఆగినప్పుడు, మిగతా సగం వచ్చేదాకా నేనూ ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నాను.