హారతి లేని బోరు

ఆ రోజుల్లో మా వైపు భూమి లోపల ఏముందో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు మా పెద్దనాన్న, రెండోవారు నేను. పెద్దనాన్న అల్లవరం మండలంలో పేరున్న కొబ్బరి రైతు. ఆయన కంటే ఆయన అరచేతికి ఇంకా ఎక్కువ పేరు. పీచు తీసిన కొబ్బరికాయని అరచేతిలో పడుకోబెట్టుకుని తోటలో నడిచేవారు. నీళ్ళున్న చోటికి రాగానే కాయ లేచి నిలబడేది. అక్కడ బోరు వేస్తే మంచినీళ్ళే. (సముద్రం పక్కనున్న ఊళ్ళో ఉప్పు తగలని నీళ్ళు పడటమంటే మాటలు కాదు.) నీళ్ళు పడగానే పసుపూ కుంకుమా చల్లి, కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, మొదటి దోసెడు ఆయన పుక్కిట పట్టేవారు. "ఆయ్, తియ్యగా ఉన్నాయండి" అని ఆయన అన్నాకే మిగతావాళ్ళు గ్లాసులు పట్టేవారు. ఇక నేనంటారా, భూగర్భశాస్త్రంలో అప్పుడే ఎమ్మెస్సీ పాసైనదాన్ని. భూమి నన్నడిగే తిరుగుతోందనుకునే వయసు.

అలాంటి సమయంలో మా తోటకి కూతవేటు దూరంలో చమురు బావి తవ్వడానికి రిగ్గు దిగింది. తాడిచెట్టు మీద తాడిచెట్టు నిలబెట్టినంత ఎత్తు ఇనుప గోపురం. నా మొదటి ఉద్యోగం అక్కడే దొరికింది. లోపలినుంచి పైకొచ్చే రాతి పలుకుల్ని కడిగి మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం నా పని. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు, పెద్దనాన్న తప్ప. ఆయన అంతకుముందే ముసలి చెట్లు కొట్టించి, కొత్త మొక్కలకి గోతులు తీయించి ఉన్నారు. రిగ్గు వచ్చాక ఆ మొక్కల వంక చూడటమే మానేశారు. "కిందున్న చమురు చెరువంతా తోడేసేక నేల గుల్లైపోద్దమ్మా. కాపుకొచ్చే వేళకి తోటకి తోటే కిందకి దిగిపోద్ది. ఆ మాత్రానికి మొక్కలెందుకూ?" అనేవారు. గోతుల్లో వాననీళ్ళు నిలిచి కప్పలు చేరాయి. షెడ్డు నీడలో మొక్కల ఆకులు పండుబారుతున్నాయి. "ఈ తోట లేకపోతే మేమేం తిని బతుకుతామే? అంత చదివేవు కదా, ఆయనకి కాస్త చెప్పు" అని పెద్దమ్మ నా వెంటపడింది.

చెప్పాను. అరుగు మీద కూర్చోబెట్టి, ముగ్గుపిండితో పొరలు గీసి మరీ చెప్పాను. అవక్షేపాలన్నాను, సచ్ఛిద్ర శిలలన్నాను, కర్బన రసాయనాలన్నాను. యూనివర్సిటీలో మా మేష్టారు నాకు చెప్పిన దానికంటే కష్టంగా చెప్పాను. పెద్దనాన్న ఓపిగ్గా అంతా విని, "బాగా చదివేవమ్మా" అన్నారు. మర్నాడు మేక తోటలోకొచ్చి రెండు మొక్కలు నమిలినా అదిలించలేదు. నా పాఠం అంత బాగా పనిచేసింది.

కొన్నాళ్ళకి ఊళ్ళో పెద్దల్ని రిగ్గు చూడ్డానికి పిలిచారు. పెద్దనాన్న ఇస్త్రీ పంచె కట్టుకుని, సంచీ చంకన పెట్టుకుని బయల్దేరారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను మా ఊరివాడే. సంచీ వెతికితే పసుపు, కుంకుమ, రెండు కొబ్బరికాయలు, కర్పూరం, అగ్గిపెట్టె బయటపడ్డాయి. గ్యాసు తన్నుకొచ్చే బావి దగ్గరికి హారతి!

"బాబాయ్ గారూ, మా ఇంటి బోరు పాయింటు మీరే పెట్టేరండి, ఆ నీళ్ళే తాగుతున్నామండి. కానీ అగ్గిపెట్టి మాత్రం లోపలికి వద్దండి" అని అతను చేతులు కట్టుకుని మరీ బతిమాలాడు.

"హారతివ్వకుండా బోరేంటయ్యా? భూమి తల్లి ఊరుకుంటాదా?"

"ఆయ్, ఊరుకోదండి. ఇస్తే అసలు ఊరుకోదండి."

అగ్గిపెట్టె, కర్పూరం గేటు దగ్గరే ఉండిపోయాయి. ఆయన తలపాగా మీద హెల్మెట్ కూర్చోలేదు, తలపాగా తీస్తే హెల్మెట్ ముక్కు మీదికి దిగింది. ఆ వాలకంలో, నేను ఆపేలోగానే, ఆయన ఒక కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని రిగ్గు చుట్టూ నడక మొదలుపెట్టారు. ఊరి పెద్దలంతా వెనకాల. ఇంజన్ల హోరుకి నేల అదురుతోంది. కాయ లేవలేదు సరికదా, గిర్రున తిరిగి బురదలో పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దనాన్న వంగి కాయ తీసుకుని పంచెతో తుడుచుకున్నారు. అన్నేళ్ళలో ఆయన ముఖం అంత చిన్నబోవడం నేను చూడలేదు, నాకు ఏడుపొచ్చింది.

చెయ్యి పట్టుకుని నేను పనిచేసే గదివైపు తీసుకెళ్ళాను. దారిలో ఆయన ఆగిపోయి, గొట్టానికి గొట్టం బిగించి కిందికి దించుతుంటే నోరు తెరిచి చూశారు. గొట్టాల చివర తిరిగే పళ్ళచక్రం రాయిని నమిలేస్తుందనీ, గొట్టంలోంచి కిందికి పంపిన బురద ఆ పలుకుల్ని మోసుకుని చుట్టూ ఉన్న సందులోంచి పైకొస్తుందనీ, కిందనుంచి గ్యాసు తన్నుకురాకుండా ఆ బురద బరువే అణిచిపెడుతుందనీ చెప్పాను. జల్లెడ మీద అప్పుడే వచ్చిన పలుకులు తడితడిగా మెరుస్తున్నాయి. పెద్దనాన్న చిటికెడు తీసి నోట్లో వేసుకున్నారు!

"అయ్యో పెద్దనాన్నా, ఊసెయ్యండి!" అని నేను గోల. కొత్త బోరు రుచి చూడకుండా ఆయన ఎలా ఉంటారు? పక్కనున్న పెద్ద ఇంజనీరు గారు పరుగున నీళ్ళు తెచ్చి పుక్కిలింపించారు. "ఉప్పుగా ఉందండి" అన్నారు పెద్దనాన్న తీర్పు చెబుతున్నట్టు. "బురదలో మేం కలిపిన ఉప్పు లెండి" అని ఇంజనీరు గారు నవ్వి, "ఒకప్పుడు ఇక్కడున్న సముద్రం సంగతి మీ అమ్మాయి చూపిస్తుంది" అన్నారు.

మైక్రోస్కోపులో చూపించాను. ఆవగింజలో పదో వంతు కూడా లేని గవ్వ, లోపల మెట్లుమెట్లుగా అరలతో. పెద్దనాన్న కన్ను తియ్యలేదు. "ఇది మన తోట కిందదా?" అన్నారు. అవునన్నాను. ఈసారి పెద్ద మాటలు నా నోటికి రాలేదు. మనుషులే లేని కాలంలో ఇక్కడంతా సముద్రమనీ, ఇలాంటి కోటానుకోట్ల ప్రాణులు, కంటికి కనపడని నాచు చచ్చి అడుగున చేరాయనీ, గాలి తగలక కుళ్ళలేదనీ, వాటిమీద ఏళ్ళతరబడి ఒండ్రు పడుతూనే ఉందనీ చెప్పాను. లోపలి వేడికి అవన్నీ సన్నసెగ మీద వెన్న కాగినట్టు కాగాయి. సెగ చాలకపోతే చమురు లేదు, మించితే అంతా గ్యాసే. అలా పుట్టిన చమురు పైకి పాకుతూ వచ్చి, గట్టి మట్టిపొర అడ్డం పడితే దానికింద ఇసుకరాయిలో ఆగిపోయింది.

తరవాత ఆ ఇసుకరాయి పలుకుల్నే చీకటిపెట్టెలో పెట్టి, కంటికి కనపడని అతినీలలోహిత కాంతి చిమ్మే నల్లదీపం వేసి చూడమన్నాను. చమురంటిన పలుకులు ఆ చీకట్లో పసుపుపచ్చగా వెలిగాయి. రోజూ చూసేదాన్నయినా ఆవేళ నాకూ ఒళ్ళు జలదరించింది. పెద్దనాన్న హెల్మెట్ తీసేసి రెండు చేతులూ జోడించారు.

"మనల్ని ఇవ్వనివ్వలేదు గానీ, తల్లే హారతి పట్టుకుందమ్మా" అన్నారు.

నేను ఒక ఇసుకరాయి ముక్క ఆయన చేతిలో పెట్టి, మీద నీటిబొట్టు వేశాను. బొట్టు ఇంకిపోయింది, రాయి రాయిలాగే ఉంది. ఆయన దాన్ని గట్టిగా నొక్కి చూసుకుని, "అంటే చెరువు కాదన్నమాట. కొబ్బరిలో నూనున్నట్టు" అన్నారు. ఇన్నాళ్ళూ కొబ్బరి తోటలో కూర్చుని ఆ మాట నాకెందుకు తట్టలేదో!

"మరి తోట దిగదని మాటిస్తావా?"

అంతకు నెల ముందైతే ఒట్టేసి చెప్పేదాన్నే. ఆ గవ్వ చూశాక, ఆ వెలుగు చూశాక ఉన్నమాటే చెప్పాను. "గుల్ల మాత్రం అవదు పెద్దనాన్నా. కాస్త కుంగుతుందో లేదో ఏళ్ళతరబడి కొలుస్తూ ఉండాలి. నాకు తెలీదు."

ఆయన నావైపు ఎగాదిగా చూశారు. "ఇన్నాళ్ళకి తెలీదన్నావు. ఇప్పుడు నమ్ముతానమ్మా" అన్నారు. మర్నాడు పొద్దున్నే గోతుల్లోంచి కప్పల్ని ఖాళీ చేయించి మొక్కలు నాటించారు. మేక తినగా మిగిలిన మోడుల్ని కూడా వదల్లేదు.

ఆ బావిలో చివరికి గ్యాసే ఎక్కువ పడింది, రిగ్గు ఇంకో ఊరు పోయింది. ఆ తోట ఇప్పుడు కాపుకొచ్చింది. మొన్న సెలవుకి వెళ్తే పెద్దనాన్న కొత్త చెట్టు తొలికాపు కాయ పీచు తీసి నా అరచేతిలో పెట్టారు. ఆయన చెయ్యి వణుకుతోందట, పక్క తోటవాళ్ళకి బోరు పాయింటు నేనే పెట్టాలట. నా కింద పనిచేసే కుర్రాళ్ళు చూస్తే ఏమైనా ఉందా! అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, నడిచాను. గట్టు దాటాక కాయ మెల్లగా లేచి నిలబడింది.

"కాయే లేచిందా, నువ్వు లేపేవా?" అన్నారు పెద్దనాన్న.

"తెలీదు పెద్దనాన్నా" అన్నాను.

"ఆయ్, అయితే అక్కడే వేసేద్దాం" అన్నారు.