సూది ఆడుతుందా, పెదనాయనా?

పోయిన శుక్రవారం పొద్దున్నే పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెదనాయన నిద్రలోనే పోయినాడు మే. ఏం బాధ పడలా" అంది. ఏడుపు తన్నుకొచ్చింది. ముందురోజు సాయంత్రం కూడా వసారాలో కూర్చుని వల కుట్టాడని ఆవిడ చెప్పాక మాత్రం, ఏడుస్తూనే మనసు నెమ్మదించింది. ఎందుకో మీకు చెప్పాలి.

మా పెదనాయన పులికాట్ సరస్సులో చేపల వేటకు పోతూ బతికిన మనిషి. వణుకుడు జబ్బు, అదే పార్కిన్సన్స్, వచ్చాక పడవ ఎక్కడం మానేశాడు. దానికి పెద్దగా దిగులుపడలేదు. "నీళ్లు యాడికి పోతాయి? కూర్చున్నా కనపడతాయి" అనేవాడు. వల కుట్టే సూది చేతిలోంచి జారిపోయిన రోజు మాత్రం అన్నం ముట్టలేదు. ఊళ్లో ఎవరి వల చిరిగినా ఆయన దగ్గరికే వచ్చేది. ఆ పని కూడా పోతే ఇక తానెందుకని ఆయన భయం.

నెల్లూరు డాక్టరమ్మ ఆయన ఫోన్‌లో ఒక డైరీ పెట్టించింది. అది రోజులో కొన్నిసార్లు టింగుమని మోగి "ఇప్పుడు ఎలా ఉన్నారు?" అని అడుగుతుంది. బాగున్నాను, పరవాలేదు, బాగాలేదు, ఈ మూడింటిలో ఒకటి నొక్కాలి. మందు ఎప్పుడు పనిచేస్తోందో, ఎప్పుడు దిగిపోతోందో చూసి ఆవిడ వేళలు మారుస్తుంది. నేను నెల్లూరులోనే మెడికల్ షాపులో పనిచేస్తాను గనక ఆయనకు నొక్కడం నేర్పే పని నా నెత్తిన పడింది.

తర్వాతిసారి ఆస్పత్రికి పోతే డాక్టరమ్మ ఆ డైరీ చూసి కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. మొదటినుంచి చివరిదాకా బాగున్నాను, బాగున్నాను, బాగున్నాను! ఎదురుగా మనిషేమో చొక్కా గుండీ పెట్టుకోలేక అవస్థ పడుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏంది పెదనాయనా ఇది?"

"బాగుండావా అని అడిగితే బాగుండాననక ఇంకేమంటారు మే? అడిగినోళ్ల మొహాన బాగాలేదని కొడతారా? అందులోనూ పడవలు పొయ్యే వేళ!"

మా ఊళ్లో అంతే. మనుషులు వేటకు బయలుదేరే పొద్దున నోట చెడ్డమాట రానివ్వరు. జ్వరంతో మూలుగుతున్నా సరే, పలకరిస్తే బాగుండాననే అంటారు. ఆ మర్యాద ఈయన ఫోనుకు కూడా చేశాడు. డాక్టరమ్మ పకపకా నవ్వేసింది. "మరి ఏమని అడిగితే నిజం చెప్తారు?" అంది.

పెదనాయన గుండీ వదిలేశాడు. "సూది ఆడతా ఉందా అని అడగండమ్మా. పని కాడ నేను అబద్ధం చెప్పను."

ఆ మహాతల్లి ఆ ప్రశ్నే పెట్టించింది. ఆడుతోంది, మొరాయిస్తోంది, ఆడడం లేదు. ఇంక చూడండి, ఫోన్ మోగితే చాలు, ఈయన సూది తీసి రెండు ముళ్లు వేసి చూసి మరీ నొక్కేవాడు. "నా మాట ఎప్పుడన్నా ఇంత శ్రద్ధగా విన్నావా?" అని పెద్దమ్మ దెప్పేది. "నువ్వు ఇంత తక్కువ మాటల్లో యాడ అడిగినావు?" అనేవాడు.

మందుల వేళలు మారాయి. జబ్బు పోలేదు, అది పోయే రకం కాదు. అయినా పొద్దున టిఫిన్ తర్వాత కొంతసేపు, మళ్లీ ఎండ తగ్గాక కొంతసేపు చేతులు ఆయన మాట వినేవి. సరిగ్గా ఆ వేళలకే జనం వలలు మోసుకొచ్చేవాళ్లు. తెల్ల దారం కంటికి ఆనడం లేదని నీలం దారం తెప్పించుకున్నాడు. శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజు వేటకు పోనివ్వరు కాబట్టి వసారా కిటకిటలాడేది. కిటికీలు గలగలమని అందరూ బయటికి పరిగెత్తినా ఈయన తలెత్తేవాడు కాదు. "అది మళ్లీ పోతుంది లేయా. నా చెయ్యి ఇప్పుడుండాది" అనేవాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు కూడా నవ్వొస్తుంది.

ఆయన పోయాడని ఊరు వేట మానింది. నిన్న తెల్లవారుజామున మళ్లీ బయలుదేరారు. వసారాలో పెద్దమ్మ పక్కన నేను కూర్చుని ఉన్నాను. వల భుజాన వేసుకుని పోతున్న ఒకాయన మమ్మల్ని చూసి ఆగాడు. అలవాటైన మాటే అడిగాడు.

"బాగుండావా అక్కా?"

పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"బాగుండానయా. పోయి రాండి."

ఆయన తలూపి రేవు వైపు నడిచాడు. వీపు మీద వేలాడుతున్న తెల్ల వలలో, అరచేయంత మేర, నీలం ముళ్లు.