ఖాళీ ఇంటి ధర

1969 ఎండకాలంలో, నా భర్త పోయిన నాలుగు నెలలకు, మా మామ కట్టిన రెండు ఇండ్లను నేను, మా బావ పంచుకోవాలనుకున్నం. చేవెళ్ల ఇల్లు నాకు, మొయినాబాద్ ఇల్లు బావకు. ధర కట్టడానికి పట్నం నుంచి ఒక ఇంజనీరును పిలిపించినం.

ఆయన రెండిండ్ల గోడలు కొలిచి, మొయినాబాద్ ఇంటి ముందట కూసోని, రెండింటికీ ఎనిమిదేసి వేలు రాసిండు.

"మొయినాబాద్ ఇల్లు ఖాళీగ ఉంటే పన్నెండు వేలు. కిరాయికున్నవాళ్లను లేపుడు కష్టం, అందుకే తగ్గించిన" అన్నడు.

కిరాయికున్నది కోస్తా నుంచి వచ్చిన బడి పంతులు, ఆయన భార్య.

మధ్యాహ్నం బావ, ప్రత్యేక తెలంగాణ కావాలని తీస్తున్న ఊరేగింపులో నుంచి ఇరవై మందిని వెంటబెట్టుకొని వచ్చిండు.

"పంతులూ, నడుస్తవా, మోసుకపొమ్మంటవా?" అని నవ్విండు.

తలుపు పలగ్గొట్టి, పంతులును జుట్టు పట్టి బయటికి గుంజి, కర్రలతో కొట్టిన్రు. చెయ్యి విరిగింది, చెవి తెగింది. అడ్డం పడ్డ ఆయన భార్యను గోడకేసి కొట్టిన్రు. పక్కింటివాళ్లు ఇద్దరినీ బండిలో వేసి దవాఖానకు తీసుకపోయిన్రు.

గడప మీద నెత్తురు ఆరకముందే నేను ఇంజనీరుతో, "అన్నా, ఇల్లు ఖాళీ అయింది. పన్నెండు వేలు రాయండి" అన్న.

"ఆడిదానివేనా నువ్వు?" అన్నడు బావ.

"కొట్టిచ్చింది మీరు, బావా. లాభం మీరొక్కరే తింటరా?"

ఇంజనీరు తలెత్తకుండ పాత అంకె కొట్టేసి పన్నెండు వేలు రాసిండు. తేడా నాలుగు వేలల్ల సగం, రెండు వేలు, బావ నాకిచ్చిండు. పంతులు ఎట్లున్నడని ఆ రోజు నేను ఎవరినీ అడగలే.